లోపలి చీటీ తెల్లగానే ఉంది

అయ్యా, అన్నం ఉడికిందో లేదో మీరు గిన్నె మూత ముట్టుకుని చెప్తారా, మెతుకు పట్టి చూసి చెప్తారా? ముందు దీనికి జవాబివ్వండి, తర్వాత నా వయసు రాసుకోండి.

వయసు యాభై రెండు. పేరు, తండ్రి పేరు పై వరుసలో మీరు రాసుకున్నవే. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగి, క్రిములు చావడానికి ఆవిరి పట్టే గదిలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆదివారాలు వాక్యం చెబుతాను. నన్ను ఎవరూ అభిషేకించలేదు. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది, మిగతాది లేఖనం దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆసుపత్రిలో నన్ను ఆవిరి పాస్టరు అంటారు. వెటకారమే, అయినా పలుకుతాను. ఈ పొద్దున ఏడున్నరకు ఆపరేషన్ థియేటర్ తలుపుకు అడ్డం నిలబడ్డానని సెక్యూరిటీ వాళ్ళు నన్ను ఈ పోలీసు స్టేషన్‌కు తెచ్చారు. నిలబడ్డ మాట నిజం. ఎందుకు నిలబడ్డానో చెబుతాను.

మా పని ఇది. కత్తులు, కత్తెరలు, పట్టకార్లు కడిగి ఆరబెట్టి గుండ్రటి స్టీలు డ్రమ్ముల్లో సర్దుతాం. డ్రమ్ము చుట్టూ చిన్న కన్నాలు, వాటి మీద జరిపే పట్టీ ఉంటాయి. ఆవిరి మిషన్లో పెట్టేటప్పుడు పట్టీ జరిపి కన్నాలు తెరవాలి, లేకపోతే ఆవిరి లోపలికి పోదు. బయటికి తీశాక దుమ్ము పోకుండా మూసేయాలి. మూత మీద ఒక టేపు అంటిస్తాం, వేడి తగిలితే దానికి నల్ల చారలొస్తాయి. సామాన్ల మధ్య ఒక చీటీ పెడతాం, ఆవిరి అక్కడిదాకా వెళ్తేనే అది నల్లబడుతుంది. టేపు బయటి సాక్షి. చీటీ లోపలి సాక్షి.

ఈ ఏడాది మొదట్లో మిషన్‌ను వరండా అవతలి గదికి మార్చారు. దారిలో దుమ్ము పడుతుంది, కన్నాలు మూసి మోసుకెళ్ళమని ఇన్‌ఛార్జి సిస్టరు చెప్పారు. అది తప్పు మాట కాదు. కానీ పంతొమ్మిదేళ్ళుగా మా చేతులకు ఒకటే వరుస తెలుసు: సర్దేటప్పుడే తెరువు, తీశాక మూయి. మిషన్ ముందు నిలబడి తెరవడం మా చేతులకు అలవాటు లేదు. గుర్తొచ్చిన రోజు తెరిచాం. గుర్తురాని రోజు మూసినవి మూసినట్టే లోపలికి పోయాయి.

అప్పుడే పరిశోధన మొదలైంది. అరవై మందికి కొత్త రకం మోకాలి కీలు వేసి, తర్వాత ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో రాసే పరిశోధన. ఆ పరిశోధన చేసే డాక్టరు గారి ఫారంలో బయటి టేపు ముక్క అంటించడానికి గడి ఉంది. లోపలి చీటీకి గడి లేదు. గడి లేనిదాన్ని ఎవరు చూస్తారు? థియేటర్లో ట్రేలో పడేసేవారు, అది రక్తపు సామాన్లతో నా దగ్గరికే తిరిగొచ్చేది.

ఫిబ్రవరి పద్నాలుగు, మధ్యాహ్నం రెండున్నర. ట్రేలో మొదటి తెల్ల చీటీ చూశాను. నాతో పనిచేసేవాణ్ణి బుల్లెట్ అంటారు, ఏనాడూ టైముకి రాడు కాబట్టి. వాడికి చూపించాను.

"చీటీలు పాతబడ్డాయి పాస్టరు గారూ, మనలాగే," అన్నాడు.

సిస్టరు కూడా అదే అన్నారు, నవ్వకుండా. నేను ఊరుకున్నాను. రాసుకోండి, నేను ఊరుకున్నాను. తెల్ల చీటీలకు మాత్రం తేదీలు వేసి దాచుకున్నాను. యాభై రోజుల్లో తొమ్మిది.

మార్చి మూడున మా అక్కకు కుడి మోకాలు మార్చారు. పరిశోధనలో చేరమన్నది నేనే. "నా చేతుల మీదుగా వెళ్ళే సామానే అక్కా, భయం లేదు," అన్నాను. తొమ్మిదో రోజు చీము పట్టింది. రెండుసార్లు తెరిచి కడిగారు. పోయిన వారం ఆ కీలు తీసేశారు. ఇప్పుడు ఆ కాలు కొయ్యలా పడి ఉంది.

సోమవారం పరిశోధన రిపోర్టు చిత్తుప్రతి వార్డులోకి వచ్చింది. ఎనిమిది మందికి చీము పట్టిందని, ఎనిమిది మందికీ ఒకటే కారణమని రాశారు: రోగి గాయాన్ని శుభ్రంగా ఉంచుకోలేదు. అక్కకు చదివి వినిపించాను.

"ఒరేయ్, నేను శుభ్రంగా ఉంచుకోలేదా? నా వంటగట్టు మీద ఆపరేషన్ చేయమను మీ డాక్టర్ని. చీము పడితే అప్పుడు నన్నడుగు!"

మంగళవారం ఆ ఎనిమిది మంది ఆపరేషన్ తేదీలనూ నా చీటీల పక్కన పెట్టి చూశాను. ఏడు కలిశాయి. మార్చి మూడు కలిసింది. మిషన్ పుస్తకంలో ఆ రోజు డ్రమ్ము పెట్టినవాడి సంతకం ఎవరిదో చూశాను. నాది. అయ్యా, ఆ సంతకం నాది. యేసును సిలువకు అప్పగించిన పిలాతు కూడా చేతులు కడుక్కున్నాడు. నీళ్ళు శుభ్రమైనవే, చేతులే కావు.

సాయంత్రం నాలుగుకి మిషన్ తలుపు తీశాను. మూడు డ్రమ్ములు. మూడింటికీ టేపు నల్లగా ఉంది. మూడింటికీ కన్నాలు మూసి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది: టేపుకు బయటి వేడి చాలు, చీటీకి లోపలికి ఆవిరి పోవాలి. నేను సిస్టరును పిలుచుకొచ్చేలోపే బుల్లెట్ వాటిని థియేటర్ అల్మారాకు చేర్చేశాడు. జీవితంలో మొదటిసారి వాడు టైముకి వచ్చాడు.

అల్మారాలోవి తెరవాలంటే డాక్టరు గారే చెప్పాలన్నారు సిస్టరు. ఆ సాయంత్రమే, అంటే నిన్న, అయిదింటికి పరిశోధన డాక్టరు గారి గదికి వెళ్ళాను.

"టేపు నల్లబడిందా లేదా?" అన్నారు.

"నల్లబడింది సార్. సున్నం కొట్టిన సమాధి కూడా బయటికి అందంగానే ఉంటుంది. లోపల ఎముకలుంటాయి."

"నాకు ప్రసంగం వద్దు. రేపు మూడు కేసులున్నాయి. రిపోర్టు ఎల్లుండి పంపాలి."

"మూడు డ్రమ్ములు తెరిచి చీటీలు చూడండి సార్. మూడే మూడు నిమిషాలు."

"తెరిస్తే మళ్ళీ ఆవిరి పట్టాలి. తలుపు వేసి వెళ్ళండి."

వేసి వచ్చాను. ఈ పొద్దున మాత్రం థియేటర్ తలుపు వేయనివ్వలేదు. కాపలావాడు కత్తి రావడం చూసి కూడా బూర ఊదకపోతే, ఆ రక్తానికి లెక్క కాపలావాడినే అడుగుతానన్నాడు దేవుడు. నేను ఒకసారి ఊరుకున్నాను. దాని ఫలితం మా అక్క మంచం మీద ఉంది. ఆమె ఇంకా నన్ను ఏమీ అనలేదు. సంతకం సంగతి ఆమెకు తెలియదు. ఇక్కణ్ణుంచి వదిలితే ముందు వెళ్ళి అదే చెబుతాను.

నేను చెప్పింది మీరు రాశారు, రాసింది నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఎవరి భయంతోనూ, ఎవరి మీద పగతోనూ చెప్పలేదు. కోపంతో చెప్పాను. కోపంతో చెప్పినా నిజం నిజమే. నా మీద కేసు కట్టండి, మార్చి మూడో తేదీ డ్రమ్ముకు కూడా కట్టండి. తొమ్మిది చీటీలు కవరులో పెట్టి మీకు అప్పజెప్పాను.

(సంతకం)

సంతకం కింద నా చేత్తో నేనే రాస్తున్నాను: ఇప్పుడు టైము ఎనిమిది నలభై. మొదటి కేసు పది గంటలకు. పదకొండో మంచం మీదున్న ఆవిడ దర్జీ, కుట్టు మిషన్ తొక్కీ తొక్కీ మోకాలు అరగదీసుకుంది. రాత్రి నుంచి ఏమీ తినకుండా పడుకుని ఉంది. ఈ కాగితం ఫైల్లో పెట్టకండి, జీపులో పెట్టండి. థియేటర్ అల్మారా, కింది అర, ఎడమ వైపు మూడు డ్రమ్ములు. ఈ రోజే, పదింటికి ముందే, మూత తీసి చీటీ చూడండి. లేవండి అయ్యా, వెళ్ళండి!