సరాయి కింద జంపఖానాలు

ఏంది ఇంజినీరు సార్, అద్దం ముక్కను అంత గుచ్చి గుచ్చి చూస్తాన్రు? పలగలే గదా! మూడు నెల్ల కింద గోడ పగులు మీద మీరే సిమెంటుతోని అతికిచ్చి పోయిన్రు. ‘గోడ కదిలితే అద్దం పలుగుతది. పలిగితే సరాయి కూలగొట్టుడే, కొమురెల్లి మేస్త్రీ’ అన్నరు. అప్పట్నుంచి సరాయి ఓనరు సుగ్రా బేగం సాబకు నిద్ర లేదు, నాకు తిండి లేదు. సరే, నాకు తిండి ఉన్నది. ఈ బొజ్జ అబద్ధం ఆడనియ్యది.

ఇది పోతే బేగం సాబకు ఇంకో నీడ లేదు సార్. నిజాం కాలంల బాటసారులు దిగేటందుకు కట్టిన సరాయి. కింద కమానుల నుంచి రైళ్లు, పైన మనుషులు. దాని మీద ఇంకో అంతస్తు లేపమన్నది బేగం సాబ. చదువుకున్నోళ్లు దండం పెట్టి పోయిన్రు. నేను ఐదో తరగతి తప్పినోన్ని, ఒప్పుకున్న!

మొదటి గూడ్సు పోంగనే కొత్త అంతస్తు పెండ్లి డప్పు లెక్క అదిరింది, కింది గోడ పగిలింది. నేను మెట్ల కాడికి ఉరికిన. మేస్త్రీనే ముందు ఉరికిండని కూలోళ్లు ఇప్పటికీ నవ్వుతాన్రు.

అప్పుడేం జేసిన? కొత్తవాడల మగ్గాల మీద నేసిన మందపు జంపఖానాలు కొనుక్కొచ్చిన. లారీ జాకీలతోని కొత్త అంతస్తును మోసే ఒక్కో ఇనుప కంబాన్ని బెత్తెడు లేపి, కింద ఏడు మడతలు పెట్టి, మీద ఇనుప రేకు వేసి దించిన. నవ్వకున్రి సార్! మీ పుస్తకాలల్ల రబ్బరు ఉంటదేమో, మాకాడ జంపఖానా ఉన్నది.

తెలివి నాదేనని వాడకట్టంత చెప్పుకున్న. మీకైతే చెప్త, మా ఇంటామె సమ్మమ్మది. చప్పుడైతాందని కుట్టుమిషను కింద జంపఖానా మడిచి పెట్టింది. నేను చాయ్ తాగుకుంట చూసిన. గంతే నా ఇంజినీరింగు!

ఆఁ... గోటితోని ఎందుకు గోకుతాన్రు? జర పలుచగున్నదా?

సరే. అది మీ అద్దం కాదు. మీది మొదటి వారమే పలిగింది, జంపఖానాలు పెట్టకముందు. మా పెండ్లి ఫోటో అద్దం కోసి అతికిచ్చిన. రెండున్నర నెలలాయె, గీత పడలే. ఫోటో అద్దం ఏమైందని సమ్మమ్మ రోజూ అడుగుతాంది, ఆమెకూ చెప్పలే.

కూలగొడ్తరా? ఆగున్రి, డోర్నకల్ దిక్కునుంచి గూడ్సు వస్తాంది. గోడకు చెయ్యి పెట్టున్రి. నేనూ పెడ్త...

పోయింది! చూడున్రి, అద్దం అట్లనే ఉన్నది! ఏందీ, ఇంకా అదురుతాందా?

అది గోడ కాదు సార్. మీ చెయ్యి మీద నా చెయ్యి పడ్డది.