మైకు సారు, మూసుకున్న కండ్లు

"నాయినమ్మా, యాదగిరి తాత సంఘానికి ప్రెసిడెంట్ ఎట్లయిండు?"

ఎట్లయిండంటె... జర ఫ్యాన్ తక్కువ చెయ్ రా. ఏం సంఘమన్నవ్? ఆఁ, డెఫ్ సంఘం. చెవిటోల్లు, మూగోల్లు అనకు, మీ తాతకు మండుతది. డెఫ్ అంటరు. ఆల్లకు ఆల్లు పెట్టుకున్న పేరు.

నా తమ్ముడు యాదగిరికి పుట్టినకాడ్నుంచి ఇనరాదు. బడిల ఏసినం. డెఫ్ పిల్లల బడే, గని సైగ జేస్తె స్కేలుతోని చేతుల మీద కొట్టేటోల్లు! నోటితోని "పా, మా" అనాల్నంట, ఇనరాని పోరడు! ఏం సదివిండ్రో ఆ టీచర్లు. పోరగాల్లు బాత్రూంల కాడ దొంగతనంగ నేర్చుకున్నరు సైగలు. నేను మా తమ్మున్ని జూసి నేర్చిన.

పెద్దగైనంక ఐతారం ఐతారం దిల్‌సుఖ్‌నగర్ల చాయ్ హోటల్ కాడ జమయ్యేటోల్లు. చాయ్ అగ్గువుండె అప్పుడు, మీ తాతైతె... సరే తియ్. ఆడ్నే సంఘం పెట్టిండ్రు. పెట్టుడు ఆల్లు, కుర్చీల కూసునుడు ఇంకోడు. కోచింగ్ సెంటర్ సారొకడు, చెవులు మంచిగున్నోడు. "వాళ్లకేం తెలుస్తుందమ్మా, వాళ్ల తరపున నేను మాట్లాడతాను" అంటడు. సైగ ఒక్కటి రాదు బాడ్కావ్‌కు! దండలు ఆయనకే, ఫోటోలు ఆయనయే. బడిల సైగలతోని సదువు చెప్పియ్యాలె అని మనోల్లు ఏండ్లసంది మొత్తుకుంటుంటె, ఆయన దుప్పట్లు పంచుడు!

లాస్టుకు ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్ల ఎన్నిక. యాదగిరి ఎదురు నిలవడ్డడు. ఓడిండంటె ఇంక సంఘం ఆ సారుదే. సారు ఏం జేసిండో ఎరికేనా? ఇంతింత సౌండ్ బాక్సులు తెప్పిచ్చిండు. డెఫోల్ల మీటింగ్‌కు! ఆయన మాటలు సైగల చెప్పనీకి నన్ను పక్కన నిలవెట్టిండు. "మీకు లోకం తెలియదు, మీలో ఒకడు అధ్యక్షుడైతే నలుగురూ నవ్వుతారు" అన్నడు. ఉన్నదున్నట్టు చెప్పిన. నేనెందుకు మారుస్త?

యాదగిరి కండ్లు మూసుకున్నడు. పక్కనోడు మూసిండు. ఎన్క ఆడోల్లు మూసిండ్రు. హాలంత గట్లనే. డెఫోల్లల్ల గంతకన్న పెద్ద తిట్టు లేదు బిడ్డా. నీ మాట మాకొద్దు, పో అన్నట్టు.

"ఏమిటమ్మా, నిద్రపోతున్నారా?"

"ఇంతసేపు ఇన్నరు సారూ. ఇంక ఇనరంట."

సౌండ్ పెంచమన్నడు! అబ్బ, ఏం తెలివి! బయట కుక్కలు మొరిగినయ్ గని లోపట ఒక్కడు కన్ను తెర్వలె. గొంతు పోయి దిగిండు. అప్పుడు నేను యాదగిరి భుజం తట్టిన. ఆడు పక్కనోన్ని తట్టె, గాడు ఇంకోన్ని. ఓటుకు చెయ్యెత్తుమంటె మీ తాతకు హాలంత లేచినయ్ చేతులు, సారుకు ఆయన డ్రైవర్ ఒక్కడే ఎత్తిండు.

ఇప్పుడు ఆ బడిల డెఫ్ టీచరమ్మనే సైగలతోని చెప్తది. సారు ఇప్పటికి మెట్రో కాడ కనవడితె మీ తాత చెవిల నోరువెట్టి "బాగున్నావా" అని ఒర్లుతడు. ఏం నేర్చిండు చెప్పు?

అయినా ఇదంత నన్నెందుకు అడుగుతున్నవ్ రా? నేను గూడ సారు లెక్కనే మాట్లాడబట్టిన. మీ తాత లోపటనే ఉన్నడు గద, ముందటికి పొయ్యి అడుగు. సైగ రాదా? నేర్చుకో. కాలేజ్ ఎట్లనో ఇడిసిపెడ్తివి, ఖాళీగనే ఉన్నవ్. పో కొడుకా, నీ చేతులు సల్లగుండ.