గుడ్లగూబకు బొట్టు పెట్టింది నేనే

నా పేరు ఈదమ్మ. భర్త పేరు కుమారస్వామి. వయసు అరవై ఆరో, అరవై ఏడో. అశోక్‌నగర్‌లో ఉంటాను. పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలకు అన్నం వండి డబ్బాలు కడతాను. రెండో తరగతి దాకా చదివాను.

ఠాణాలో కూర్చోగానే ముందు అందరి బాగోగులు అడిగాను. ఎస్సై కాశీవిశ్వనాథం సారు కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర చాలడం లేదా అన్నాను. రాసే సారు దగ్గుతున్నారు, మిరియాలు తేనెలో కలిపి తీసుకోమన్నాను. కానిస్టేబుల్ స్నేహలతను కాళ్లు వాచాయా అని అడిగాను, పొద్దుటి నుంచీ నిలబడే ఉందట. బెంచీ మీద ఉన్న ఇంద్రసేన ఏమైనా తిన్నాడా అని అడిగాను. తినలేదన్నారు. ఆఖరికి పక్షి ఎట్లా ఉందని అడిగాను. "అవ్వా, గివన్నీ రాయాల్నా?" అని రాసే సారు అంటే, "రాయి. లేకుంటే ముంగటికి పోదు" అన్నారు ఎస్సై సారు.

ఇంద్రసేన వయసు ఇరవై నాలుగు. మూడేళ్లుగా నా డబ్బా తింటున్నాడు. సర్కారు కొలువు రాత పరీక్ష పాసయ్యాడు. ఇక పోలీసులు వచ్చి అతని మీద కేసులేమైనా ఉన్నాయా అని విచారించడమే మిగిలింది. ఈ మాట ముందే రాసుకోండి, నా భయమంతా దాని గురించే.

ఈ రోజు 15-3-2013, శుక్రవారం. అంబర్‌పేట్‌లో మా చెల్లెలు ఆశమ్మ మనుమరాలిని తొట్టెలలో వేస్తున్నారు. ఇంద్రసేన నన్ను మోటారు సైకిల్ మీద దింపుతానన్నాడు. నా సంచిలో పసుపు పొట్లం, కుంకుమ భరిణె, బిడ్డకు కొత్త గౌను ఉన్నాయి. పొద్దున ఆరు ముప్పావుకు బయలుదేరాం. నేను వెనక కూర్చుని బ్రేకు పనిచేస్తుందా అని రెండుసార్లు అడిగాను. పనిచేస్తుందన్నాడు.

చిక్కడపల్లిలో లైబ్రరీ గల్లీ మూల దగ్గర పది పన్నెండు కాకులు దేన్నో తరుముకుంటూ వచ్చాయి. తెల్లగా ఏదో వచ్చి బండి దీపానికి కొట్టుకుని పడింది. చప్పుడే లేదు. కోడి రెక్కలు కొడితే ఇల్లంతా వినిపిస్తుంది కదా, దీని రెక్కలకు చప్పుడే లేదు. నేను ముందు ఎవరో తువ్వాలు విసిరారనుకున్నాను.

దిగి చూస్తే గుడ్లగూబ. అంత దగ్గర నుంచి ఎన్నడూ చూడలేదు. ముఖం తమలపాకు లాగా ఉంది. కళ్లు మన లాగే ముందుకు ఉన్నాయి. ఒళ్లు కదలకుండా మెడ ఒక్కటే వెనక్కి తిప్పి నన్ను చూసింది. కాలి నడిమి వేలి గోరుకు సన్నటి పళ్లున్నాయి, పేల దువ్వెన లాగా. అది దేనికో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. చేతిలోకి తీసుకుంటే అర కిలో కూడా లేదు.

"ముట్టుకోకు పెద్దమ్మా, కొరుకుతది" అన్నాడు ఇంద్రసేన.

"ఇంటి మీద వాలితే కీడంటరు బిడ్డా. బండి మీద వాలితే ఏమంటరు?" అని అడిగాను.

"బండి నాది కాదు పెద్దమ్మా, నా రూం‌మేట్‌ది. కీడు వాడికే."

రెక్క కింద రక్తం కారుతోంది. పొట్లం విప్పి పసుపు అద్దాను. దెబ్బకు పసుపు పెట్టడం మా అమ్మ నుంచి వచ్చిన అలవాటు. శుక్రవారం పూట ఒట్టి పసుపుతో ఎవరినీ పంపకూడదని చెయ్యి దానంతట అదే భరిణెలోకి పోయింది. నుదుట కుంకుమ పెట్టాను. ఆలోచించి పెట్టలేదు. ఇంటికి వచ్చిన ఆడపిల్లకు పెట్టినట్టే పెట్టాను.

నారాయణగూడలో పశువుల దవాఖానకు తీసుకుపోదామని ఇంద్రసేనే అన్నాడు. సంచిలో కొత్త గౌను పరిచి దాని మీద పక్షిని పెట్టి, సంచి మూతి తెరిచి ఒళ్లో పట్టుకున్నాను. ఏడున్నరకు నారాయణగూడ చౌరస్తాలో బండ్లు ఆపి కాగితాలు చూస్తున్నారు. ఒక పోలీసు సంచిలోకి తొంగి చూసి వెనక్కి జరిగాడు.

"పసుపు, కుంకుమ, గుడ్లగూబ. పట్టపగలే చేతబడికి తీస్కపోతున్రా? బొట్టెవరు పెట్టిన్రు?" అన్నాడు.

నేను సంచిని దగ్గరికి లాక్కున్నాను. ఇంద్రసేన నా దిక్కు ఒక్కసారి చూసి, "నేనే పెట్టిన సార్. అవ్వకేం తెల్వది" అన్నాడు. అతన్ని, పక్షిని ఠాణాకు తీసుకువచ్చారు. నన్ను ఆటో ఎక్కించి ఇంటికి పంపారు. నేను పోయాను. నోరు తెరవకుండా పోయాను.

ఇంట్లో కూర్చోలేకపోయాను. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూశాను, వెలిగించనే లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు నాకు నేనే ఇక్కడికి వచ్చాను. ఎవరూ పిలవలేదు.

"పెద్దమ్మా, ఎందుకొచ్చినవ్? రేపు పదకొండు డబ్బాలెవరు కడ్తరు?" అన్నాడు ఇంద్రసేన.

"నీ డబ్బా కట్టనీకే వచ్చిన. మాట్లాడకు" అన్నాను.

ఎస్సై సారు నాకు విడమరిచి చెప్పారు. గుడ్లగూబను పట్టుకోవడం చట్టప్రకారం నేరమట. బొట్టు నేను పెట్టానంటే కేసు నా మీదికి రావచ్చట. నేను భయస్థురాలిని. దారిలో కుక్క మొరిగినా ఆగిపోతాను. అయినా పసుపు అద్దింది నేను, కుంకుమ పెట్టింది నేను. పిల్లవాడు బండి నడిపాడు, దవాఖాన దారి పట్టాడు, అంతే. ఎస్సై సారు కాగితంలో ఇంద్రసేన పేరు కొట్టేయించి, ఆ చోట నా పేరు రాయించారు. పక్షి దెబ్బ కాకులదో, మనుషులదో అటవీ శాఖ డాక్టరు చూసి చెప్తారట. ఆ మాట వచ్చాకే కేసు ఉందో లేదో తేలుతుంది. ఇంద్రసేనను పంపించేశారు. అతను పోకుండా గేటు బయట నిలబడ్డాడు.

ఇది నా కళ్లు చూసింది, నా చేతులు చేసింది. ఎవరూ నేర్పలేదు, బెదిరించలేదు. స్నేహలత రెండుసార్లు చదివి వినిపించింది. ఒప్పుకుని వేలిముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
ఈదమ్మ

పక్షిని చూడడానికి, డాక్టరు మాట వినడానికి నేను మళ్లీ రావలసిన రోజు: 18-3-2013, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు.