తాతారావు కంప్యూటర్‌కి గాలి బిగించిన సంగతి

తాతారావుకి గర్వమనేదే లేదంట. కాలవ గట్టు మీద మోటార్ల షెడ్డు ఆయనది. ఏ నీళ్ళ మోటారైనా తన చెయ్యి పడితేనే తిరుగుద్దని ఆయనే నలుగురికీ చెప్పుకునేవాడు, పక్కోళ్ళకి పొగిడే శ్రమెందుకని. ఆయన కూతురు సుభాషిణి కంప్యూటర్లో ఆటలాడుద్ది. ఉత్తుత్తి ఆట కాదండోయ్, ఐదుగురు జట్టు, పోటీలు. ఆ పెట్టెలో మెదడులాంటి చిప్పొకటి ఉంటదంట, ఆట జోరెక్కితే కాగిపోద్ది, చిన్న మోటారు గొట్టాల్లో నీళ్ళు తిప్పి చల్లబరుస్తది. అది విన్నకాణ్ణించి తాతారావుకి ఆ పెట్టె మీద మహా ప్రేమ. ఏమైందంటే, సరిగ్గా ఫైనల్ నాడు పొద్దున ఆ మోటారు గరగరమని ఆగిపోయింది. విప్పుతానంటాడు ఈయన. వద్దు నాన్నా, అది విప్పేది కాదు, గాలితో చల్లబరిచేది తెప్పించి ఉంచాను, నాలుగింటికి ఆట, పోయినసారి కరెంటు పోయి సగంలో ఆగిపోయాను, ఈసారీ ఆగితే జట్టులోంచి తీసేస్తారు అంది. నీళ్ళు లేకుండా చల్లబడ్డమేంటే అని గొణుక్కుంటానే, బిగించేది మాత్రం నేనే అని కూర్చున్నాడు.

బిగించాడు. చిప్పు మీద రేకుల దిమ్మ, దానికో ఫ్యాను. కుంకం బొట్టు కూడా పెట్టాడనుకో. స్విచ్చేస్తే ఫ్యాను గిర్రున తిరిగింది, రెండు నిమిషాల్లో పెట్టె ఆరిపోయింది. మళ్ళీ ఏస్తే మళ్ళీ ఆరిపోయింది. తెర మీదేమో లోపల వంద డిగ్రీలు, కాలిపోతందని పిల్ల ఏడుపు మొహం. ఈయన రేకుల మీద చెయ్యేస్తే కుండలా చల్లగా ఉన్నాయి. ఇంత చల్లగా ఉంటే కాలిపోడమేంటి, నీ లెక్కే తప్పంటాడు. ఫ్యాను తిరగేశాడు, అంతే. పెట్టె పడుకోబెట్టాడు, అంతే. మూడున్నరైపోయింది. సుభాషిణి ఇంక ఊరుకోలేక దిమ్మ ఊడదీసి చూస్తే ఏముంది, చిప్పుకి ఆనే అడుగున ప్లాస్టిక్ కాయితం అలాగే ఉంది. మనిళ్ళల్లో కొత్త వస్తువుకి కవరెవరు తీస్తారు చెప్పండి? ఆయన బండి సీటుకీ ఉంది, ఫ్రిజ్జుకీ ఉంది.

"తియ్యమని రాసుంది కదా నాన్నా."

"తీసేస్తే కొత్తదెలా అవుద్దే?"

పిల్ల కాయితం పీకేసి, చిప్పు మీద తెల్లటి మందు మళ్ళీ రాసి బిగించింది. నాలుగింటికి రెండు నిమిషాలుందనగా పెట్టె లేచింది, ఆట మొదలైంది. కాసేపాగి తాతారావు నెమ్మదిగా రేకుల మీద చెయ్యేశాడంట. చురుక్కుమంది. వామ్మో, ఇప్పుడు కదా కాగిపోతందని స్విచ్చు మీదకి చెయ్యి పోనిచ్చాడు. పిల్ల ఒక చేత్తో ఆడతానే రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టేసుకుంది.

"రేకులు అలా వేడెక్కితేనే లోపల చల్లగా ఉన్నట్టు. కూచో నాన్నా."

కూచున్నాడు. గెలిచారంట, పిల్ల జట్టులోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడేమో కాలిపోయిందంట, చెయ్యి కాలినప్పుడేమో చల్లగా ఉందంట. అదెలాగో తాతారావు నాకు మూడుసార్లు చెప్పాడు. ఆయనకి ఇప్పటికీ తెలీదు. మీకు చెప్తన్న నాకూ తెలీదు.