ఊపిరి బిగబట్టిన నడుములు

కటింగ్ బల్ల మీద, వాపసు వచ్చిన బడి నిక్కర్లు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని కత్తిరించిన మరదలు, పిల్లల కొలతలు తెచ్చిన బావ మీద కారాలు మిరియాలు నూరుతోంది.

"అన్నిటికీ నడుం దగ్గర గుండీలే ఊడాయి బావా! అసలు ఎలా కొలిచావు?"

"బడికెళ్ళి, ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి కొలిచాను. నా కొలతల్లో తప్పేం లేదు. పిల్లలే తెగ తింటున్నారు."

"వాళ్ళ తిండి మీద పడి ఏడుస్తావేం? ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే! ఇంతకీ నిలబెట్టిందెవరు?"

"డ్రిల్లు మాస్టారు. ఈలేసి 'పొట్ట లోపలికి!' అని ఒక్క అరుపు అరిస్తే ఎవడూ కదల్లేదు. బుద్ధిమంతులు."

"బుద్ధి కాదు, భయం! ఊపిరి బిగబట్టిన పిల్లల్ని కొలుచుకొచ్చి నాతో నిక్కర్లు కత్తిరింపించావా? అవి వేసుకుని వాళ్ళు కూర్చోవద్దూ? అన్నం తినొద్దూ?"

"చోద్యం కాకపోతే, ఆ మాత్రం ఈలకే పొట్ట తగ్గిపోతుందా?"

ఆమె మెడలోని టేపు తీసి చటుక్కున అతని నడుం చుట్టూ వేసింది. అతని బొజ్జ దానంతటదే లోపలికి పోయింది.

"నేనింకా ఈలే వెయ్యలేదు బావా!"