పంతొమ్మిదేళ్ల సారీ

నా రిటైర్మెంటు సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు గారికి, వేదిక మీది పెద్దలకు, మిషన్లు ఆపి మరీ వచ్చిన ప్రెస్సు మిత్రులకు, చివరి వరుసలో తలుపు పక్కన కూర్చున్న మన ప్రెస్సు అక్కకు నమస్కారం. మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు, ముప్పై నాలుగేళ్లు ఎర్ర పెన్ను పట్టుకున్న ప్రూఫ్ రీడర్ని. ఇందాక మేనేజరు గారు నన్ను పొగిడినదాంట్లో కూడా మూడు తప్పులు కనిపించాయి, పెద్దవారు కదా అని దిద్దలేదు. (నవ్వులు)

ఒక్క మాట గురించి మాట్లాడి దిగిపోతాను. సారీ. మన ప్రెస్సులో సిరా కంటే ఎక్కువ వాడేది ఇదే. బైండింగు తమ్ముళ్లు కాగితం కట్టలు మోసుకొస్తూ ‘సారీ, సారీ’ అంటే, పక్కకు తప్పుకోమని. మేనేజరు గారు ఫోన్లో ‘సారీ అండీ’ అంటే, మీ పని ఇంకా మొదలే పెట్టలేదని. (నవ్వులు) మా ఆవిడ ‘సారీ చెప్పండి’ అందంటే తప్పెవరిదో తేలిపోయింది, ఇక వాదించొద్దని. ఎవరైనా పోయారని తెలిసినా అదే మాట అంటాం, అందులో మన తప్పేమీ లేకపోయినా. తప్పు లేనిచోట ఇంత తేలిగ్గా వచ్చే మాట, తప్పు ఉన్నచోట గొంతులో అడ్డం పడుతుంది.

పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పంతొమ్మిదేళ్ల కిందట మనం అచ్చువేసిన పరీక్షల టైంటేబులు. పద్నాలుగున జరగాల్సిన లెక్కల పరీక్ష పదిహేనున అని పడింది. పిల్లలు మర్నాడొచ్చి, పరీక్ష అయిపోయిందని తెలిసి గేటు దగ్గరే ఏడ్చారు. అప్పటి మేనేజరు, టైపు చేసిన అక్కనీ ప్రూఫు చూసిన నన్నూ పిలిచి, ఎవరి పని ఇది అన్నారు. నేను ‘సారీ సార్’ అన్నాను. ప్రెస్సు తరఫున మర్యాదకు అన్నాననుకున్నారు. అనుకోనిచ్చాను. అక్క మాత్రం ‘దిద్దిన ప్రూఫు కాగితం తీసి చూడండి సార్’ అంది. ఎంత వెతికినా అది దొరకలేదు. తప్పు అక్క మీద పడింది, ఆమెను కటింగ్ మిషను దగ్గరికి మార్చారు.

ఎలా దొరుకుతుంది? అది నా సంచిలో ఉంది. ఇదిగో. అక్క పద్నాలుగనే టైపు చేసింది. కింది వరుసలోని తేదీ చూసి పొరబడి, దాన్ని కొట్టేసి పదిహేనని దిద్దిన చెయ్యి నాది, కింద పొడి సంతకం నాది. ఇంట్లో చిన్నపిల్లలు, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ భయం పోయాక సిగ్గు పట్టుకుంది, అది ఇప్పటిదాకా వదల్లేదు. ఇన్నేళ్లూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తిన్నాం. తన డబ్బాలోంచి నాకు కూర వేసేది. తినేవాణ్ణి కూడా.

మేనేజరు గారూ, ఈ కాగితం అక్క ఫైల్లో పెట్టించండి. నాకిచ్చిన గడియారం వెనక్కి తీసుకున్నా సరే. అక్కా, ఆ తప్పు నాది, నన్ను...

ఏంటక్కా? (చివరి వరుసలో ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది) వినపడలేదా?

పంతొమ్మిదేళ్లు ఆ కటింగ్ మిషను మోత పక్కనే నిలబడింది. వినపడదు. అదీ నాకు తెలుసు. మైకు ఉంది కదా, వినపడుతుందిలే అనుకున్నాను.

ఓపిగ్గా విన్నారు, మీకు ధన్యవాదాలు. మిగతాది ఆమె పక్కన కూర్చుని, కాగితం చేతిలో పెట్టి, మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. ఏమన్నా పడతాను. మీ అందరి దగ్గరా సెలవు. నువ్వు లేవకక్కా, నేనే వస్తున్నాను.