నెలవంక వంతెన

(ప్రారంభోత్సవం రోజు. వంతెన నమూనా గీసిన ఇంజనీరు తమ్ముడు దాని నడినెత్తిన నిలబడి ఉన్నాడు. ఫోనులో అక్క.)

"అవతలికి వచ్చేశాం అంటున్నాను కదరా."

"ఎటు అవతలికి?"

"బడి వైపు. రిబ్బను కట్టారే, అటు."

"ఎలా వచ్చారు?"

"ఎలా వస్తాం? వంతెన మీంచే."

"అక్కా, నేను పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నాను. ఎవరైనా నన్ను దాటుకునే పోవాలి. పాప చక్రాల కుర్చీ నా కంట పడకుండా ఎలా పోయింది?"

"నీ ఫొటోల హడావుడిలో నువ్వున్నావు."

"పాపకివ్వు ఫోను."

"మాట్లాడదట."

"నలుగురు కుర్రాళ్ళని పంపిస్తాను, ఎత్తుకొస్తారని నిన్ననే చెప్పానుగా?"

"బీరువానా అది, ఎత్తుకురావడానికి? ఎదిగిన పిల్ల."

"పోనీ, నువ్వే మెల్లగా తోసుకొస్తే..."

"జనం అప్పుడే ఎక్కేస్తున్నారుగా, మొన్న నేనూ తోశాను. సగం దాకా. నా చేతులు పడిపోయాయి. కుర్చీ వెనక్కి జారుతుంటే ఒళ్ళంతా అడ్డం పెట్టి ఆపాను. సైకిళ్ళ వాళ్ళే దిగి తోసుకుంటున్నారు ఆ ఎత్తుకి."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే? వంచుతావా ఇప్పుడు?"

"పాప కోసమేగా అక్కా అంత ఎత్తు లేపింది. దాని మంచం మీంచి వంతెన కనపడాలని. కాస్త పల్లంగా కట్టమని ఆఫీసులో అందరూ మొత్తుకున్నా వినలేదు నేను."

"కనపడుతోంది. రోజూ చూస్తూనే ఉంది. నెలవంకలా ఉందని పేపర్లో కూడా రాశారు. నెలవంకని ఎవరెక్కుతార్రా?"

"అక్కా."

"ఏంటి."

"నిజం చెప్పు. ఎటునుంచి వచ్చారు?"

"వదిలెయ్. పాప రిబ్బను కత్తిరించగానే వెళ్ళిపోతాం. నీ పరువుకేం కాదు."

"కింద రోడ్డు దాటారా?"

"ఊఁ."

"ఆ రోడ్డా? పాపని లారీ గుద్దిన రోడ్డా?"

"ఇంకో రోడ్డుందా ఇక్కడ?"

"ఆ చోట మళ్ళీ ఎవరూ కాలు పెట్టకూడదనే కదా, మూడేళ్ళు చెప్పులరిగేలా తిరిగి ఈ వంతెన వేయించాను..."

"తెలుసురా."

"అది... అది భయపడలేదా?"

"కళ్ళు గట్టిగా మూసుకుంది. చెయ్యి వెనక్కి చాపి నా వేళ్ళు పట్టుకుని, దాటేదాకా వదల్లేదు."

"ఏమైనా అందా?"

"అంది."

"ఏమని? చెప్పక్కా."

"వంతెన మీంచే వచ్చామని చెప్పమ్మా, పాపం మామయ్య నాకోసమే కట్టాడు, అంది."